అరవై రూపాయల ఫ్యాన్ బెల్టు

మా నాయన కారు చందానగర్‌లో మా ఇంటి వెనుక వేపచెట్టు కింద 22 ఏళ్ళు కదలకుండా ఉండిపోయింది. టైర్లు నేలలోకి దిగిపోయాయి. బానెట్ మీద ఏటేటా వేపపళ్ళు రాలి, ఎండి, తెల్లని రంగును గోధుమ రంగుగా మార్చాయి. వెనుక సీట్లో ఒక పిల్లి మూడుసార్లు ఈనింది. 2023లో ఆ స్థలాన్ని అపార్టుమెంటు కట్టడానికి ఒక బిల్డరుకు ఒప్పజెప్పాం. ఇక కారు ఎక్కడికో ఒకచోటికి కదలక తప్పలేదు. పాత ఇనుము వ్యాపారి వచ్చి, చేతిలోని చువ్వతో తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి చూసి, కిలోల లెక్కన ధర చెప్పాడు. నాయన మంచం మీద కూర్చుని విన్నాడు. ఔనని గానీ కాదని గానీ అనలేదు.

మాదాపూర్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే మా తమ్ముడు అదే సాయంత్రం నాకు ఫోను చేశాడు. "అన్నా, తుక్కుకు వద్దు. నేను పైసలు పెడ్త. నడిపిద్దాం" అన్నాడు. నేను అప్పుడు సదాశివపేట వైపు పల్లె సంఘంలో ఉన్నాను. ఆ మాటకు సంతోషించవలసిన వాణ్ణి. కానీ నా గుండె ఒక్కసారి జారింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పాలి.

అది కాంటెస్సా. మన పల్లెల్లో 40 దాటిన వారికి ఆ పేరు చెబితే చాలు, ఎవరిదో ఒకరి పెళ్ళి గుర్తుకు వస్తుంది. పొడుగాటి ముక్కు, ముందు నాలుగు గుండ్రటి దీపాలు, వధువు చీర నలగకుండా కూర్చునే వెడల్పైన వెనుక సీటు. హిందుస్థాన్ మోటార్స్ వారు 1984లో దానిని తెచ్చారు. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ కంపెనీ వదిలేసిన ఒక మోడలు అచ్చులు కొని కలకత్తా దగ్గర ఉత్తరపరలో తయారు చేశారు. ఇంగ్లండులో ఆ కుటుంబపు బండ్లలో 3300 సీసీ ఆరు సిలిండర్ల ఇంజను కూడా ఉండేది. ఇక్కడ మొదట అంబాసిడరులో ఉండే 1489 సీసీ ఇంజనునే పెట్టారు. దాని బలం సుమారు 50 హార్స్ పవర్. టన్నుకు పైగా బరువున్న బండికి అది ఏ మూలకు? ఏనుగుకు మేక కాళ్ళు పెట్టినట్టు ఉండేదని నాయన నవ్వేవాడు. తరువాత కొన్నేళ్ళకు జపాను వారి ఇసుజు 1800 సీసీ ఇంజను, ఐదు గేర్లు పెట్టాక అది 88 హార్స్ పవర్‌కు వచ్చింది. 2002లో తయారీ ఆగిపోయింది.

అమెరికాలో ఇటువంటి పొడుగు ముక్కు బండ్లను మజిల్ కార్లంటారు. 1964లో పాంటియాక్ కంపెనీ మామూలు సైజు కారులో 6400 సీసీ ఇంజను కూర్చోబెట్టి 325 హార్స్ పవర్ రాబట్టింది. ఆ తరహాకు పేరు నిలబెట్టింది ఆ బండే. మన దేశంలో కండలున్నట్టు కనబడే కారు ఏదంటే కుర్రవాళ్ళు కాంటెస్సానే చూపిస్తారు. చూపుకు మాత్రమే ఉన్న ఆ కండను నిజం చేయాలని మా తమ్ముడి కోరిక.

మా నాయన ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా చేసేవాడు. 1996లో ఆయన కొత్త బండి కొని, తన 1987 మోడలు కాంటెస్సాను నెలనెలా జీతంలో పట్టుకునే షరతు మీద నాయనకు ఇచ్చాడు. నాయన దానిని పెళ్ళిళ్ళకు తిప్పేవాడు. సొంత బండిని కిరాయికి తిప్పడం చట్టం ఒప్పదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచన లేదు. నా చదువు, తమ్ముడి చదువు ఆ వెనుక సీటులో కూర్చున్న పెళ్ళికూతుళ్ళ మీదనే నడిచాయి.

2001 వేసవిలో నాయన ఇంజను పని చేయించాడు. చేసింది మెకానిక్ చాచా. మా ఇంటికి 300 గజాల దూరంలో, ముంబయి హైవే మీదికి తెరుచుకునే షెడ్డు ఆయనది. హెడ్డు దింపి వాల్వులు నూరి, కొత్త గాస్కెట్ వేసి, పళ్ళున్న కొత్త ఫ్యాన్ బెల్టు కూడా తొడిగి, 1800 రూపాయలు కూలి తీసుకున్నాడు. ఆ మరుసటి వారం నాయన ఊరికి పోయిన రోజున, నేను ముగ్గురు స్నేహితులను ఎక్కించుకుని సంగారెడ్డి పోయాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. తిరిగి వస్తుంటే పటాన్‌చెరు దగ్గర ఎందులోనో పట్టుకుని ఆ బెల్టు తెగింది.

ట్రాక్టరున్న మన రైతు సోదరులకు ఇది చెప్పనక్కరలేదు. ఆ బెల్టే నీళ్ళ పంపును తిప్పుతుంది, ఆ బెల్టే డైనమోను తిప్పుతుంది. అది తెగిన క్షణమే అద్దం కింద ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి వేడి ముల్లు ఎర్ర గీతను దాటింది. నేను రెండూ చూశాను. ఆపితే స్నేహితుల ముందు చిన్నతనమని ఆపలేదు. మే నెల ఎండలో, నీళ్ళు తిరగని ఇంజనుతో, చందానగర్ దాకా పది పన్నెండు కిలోమీటర్లు తోలాను. ఇంటి ముందుకు వచ్చేసరికి ఇంజను దానంతట అదే ఆగిపోయింది. భయంతో ఆ కాగే రేడియేటరులో రెండు బిందెల చన్నీళ్ళు పోశాను. అది ఎంత పెద్ద తప్పో ఇంజను తెలిసిన వారికి తెలుసు. మరునాడు అమ్మను పుస్తకాలకని 100 రూపాయలు అడిగి, లింగంపల్లిలో 60 రూపాయలకు ఒక సాదా బెల్టు కొని తొడిగాను. బండి స్టార్టు అయింది. కొంచెం పొగ వచ్చింది. అంతే అనుకున్నాను.

నాలుగో రోజున నాయన పెళ్ళికూతురిని తీసుకుని సదాశివపేటకు బయలుదేరాడు. ఇస్నాపూర్ చేరకముందే ఇంజను పట్టేసింది. పెళ్ళికూతురిని జీపు ఎక్కించి పంపారు. పెళ్ళివారు నాయనను అన్న మాటలు ఇక్కడ రాయను. బండిని తాడు కట్టి లాక్కొచ్చి చాచా షెడ్డు ముందు నిలబెట్టి, నాయన ఆయన మీద పడ్డాడు. చాచా బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, "ఈ బెల్టు నేను ఏసింది కాదు భాయ్" అన్నాడు. నాయన నా వైపు తిరిగి, "నువ్వు మార్చినవా రా?" అని అడిగాడు.

"లేదు నాయనా" అన్నాను.

చాచా 1800 రూపాయలు లెక్కపెట్టి నాయన చేతిలో పెట్టాడు. ఆ తరువాత నాయన ఆయనతో మాట్లాడలేదు. తెలిసిన డ్రైవర్లందరికీ ఆ షెడ్డుకు పోవద్దని చెప్పాడు. తాను కూడా ఆ షెడ్డు ముందు నుంచి పోకుండా గల్లీ చుట్టూ తిరిగి రోడ్డెక్కేవాడు. మళ్ళీ ఇంజను చేయించడానికి డబ్బు లేక కారు వేపచెట్టు కిందికి చేరింది. నాయన ఒక స్కూలు బస్సుకు డ్రైవరుగా చేరాడు. నేను బైబిలు కళాశాలలో చేరాను.

ఇప్పుడు తమ్ముడు ఆ ఇంజనును విప్పుదామంటున్నాడు.

అందుకే నేను ఎంతో శ్రద్ధ ఉన్నట్టు, "పాతది విప్పడమెందుకు తమ్ముడా, ఇసుజు ఇంజను దొరికితే అదే వేద్దాం" అన్నాను. వాడు పొంగిపోయాడు. అన్న ఇంత మనసు పెడతాడని వాడు అనుకోలేదు. నేనే విజయవాడ ఆటోనగర్ పోయి రెండు రోజులు తిరిగి, నడిచే స్థితిలో ఉన్న 1800 సీసీ ఇంజనును గేరుబాక్సుతో సహా బేరమాడి వచ్చాను. పాత ఇంజను తుక్కు వ్యాపారికి పోతుంది, దానితోపాటు ఆ బెల్టూ పోతుందని నా లెక్క.

ఆ లెక్కను రవాణా శాఖ కార్యాలయం తప్పించింది. ఆర్.సి. కాలం చెల్లి చాలా ఏళ్ళయింది కనుక, జరిమానాతో తిరిగి చేయించుకునే పద్ధతి కనుక్కుందామని పోయాను. ఇంజను మార్చే సంగతి కూడా అడిగాను. అక్కడి అధికారి ఓపికగా చెప్పారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పినదానికీ ఆర్.సి.లో రాసినదానికీ తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది. పాడైన ఇంజనుకు బదులు అదే కంపెనీ, అదే రకం ఇంజను వేసుకోవడానికి అనుమతి అడగవచ్చు. 1489 సీసీ అని రాసి ఉన్న బండిలో 1800 సీసీది పెడతానంటే కుదరదు. బయట చెట్టు కింద కూర్చున్న ఒక ఏజెంటు, "ఎవరు చూస్తరు సార్, ఏస్కోండ్రి" అన్నాడు. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వారు తప్పక చూస్తారు. తమ్ముడు ససేమిరా అన్నాడు. "పాస్టరు ఇంటి బండి దొంగ ఇంజనుతో తిరుగుడేందన్నా?" అని నన్నే అడిగాడు.

చాచా షెడ్డును ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. హైవే వెడల్పులో ముందు భాగం పోయి, షెడ్డు సగం మిగిలింది. ఒకప్పుడు దాని ఎదురుగా ఎండ్లబండ్లు ఆగేవి. ఇప్పుడు ఒకవైపు బట్టల దుకాణాలు, మరోవైపు మియాపూర్ మెట్రో స్టేషనుకు పోయే ఆటోల వరుస. తమ్ముడికి పాత గొడవ సరిగా తెలియదు. అప్పుడు వాడు చిన్నవాడు. దగ్గరలో పాత ఇంజన్లు తెలిసినవాడు అతనొక్కడే కనుక బండిని అక్కడికే చేర్చాడు. నాయనకు మాత్రం మియాపూర్‌లో ఒక గ్యారేజీ అని చెప్పాడు.

పెద్దాయనకు చూపు మందగించింది. కానీ రోజూ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పని వరుస ఆయనదే. "ముందు ఆపేటివి చెయ్యుర్రి. ఉరికిచ్చేటివి తర్వాత" అన్నాడు. తమ్ముడికి ఇది రుచించలేదు. వాడికి ఇంజను మోత వినాలని ఆత్రం. చాచా వాడికి లెక్క చెప్పలేదు కానీ, ఆ లెక్క వాడికే తెలుసు, ఇంజనీరింగు చదివాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని 90కి పెంచితే వేగం పెరిగేది ఒకటిన్నర రెట్లు. కానీ దానిని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. పాత బ్రేకులతో కొత్త బలం పెట్టడమంటే వాలులో నిండు బండికి చిన్న దూడను కట్టడమే.

అందుచేత మొదటి నాలుగు నెలలు ఇంజనును ఎవరూ ముట్టలేదు. మాస్టర్ సిలిండరు, చక్రాల సిలిండర్లు, ఇనుప గొట్టాలు, రబ్బరు గొట్టాలు అన్నీ మారాయి. వెనుక డ్రమ్ములను లేత్ మీద సాపు చేసి కొత్త లైనింగులు వేశారు. స్టీరింగు జాయింట్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్చారు. చాలా వరకు రాణీగంజ్‌లో దొరికాయి. దొరకని బుష్‌లను బాలానగర్‌లో లేత్ పట్టించారు.

డొక్కు పని అంతకన్నా పెద్దది. ఈ బండికి లారీలాగా వేరే ఛాసిస్ లేదు. రేకు డొక్కే దాని ఎముకల గూడు. అడుగు రేకు, తలుపుల కింది పెట్టె రేకు తుప్పు పట్టి వేలు పెడితే దిగుతున్నాయి. అలాంటి గూటికి బలమైన ఇంజను తగిలిస్తే, పైన రంగు మెరుస్తూనే లోపల మెలిపడిపోతుంది. కుళ్ళిన రేకు కోసే ముందు తలుపుల సందుల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు అతికించారు. లేకపోతే అడుగు కోయగానే నడుము కుంగి, మళ్ళీ తలుపులు మూతపడవట. ఇది నాకు కొత్త. కోసిన తరువాత కొత్త రేకు అతికి, లోపలి ఖాళీల్లో తుప్పు పట్టని మైనం పోశారు. నేను సోమవారాలు పల్లె నుంచి వచ్చి చూసేవాణ్ణి. ఇంజను మూలన గోనెసంచి కప్పుకుని ఉండేది. దాని వైపు చూడకుండా తిరిగేవాణ్ణి.

ఐదో నెలలో ఒక సోమవారం వెళ్ళేసరికి గోనెసంచి తీసి ఉంది. హెడ్డు దింపి బల్ల మీద పెట్టారు. చాచా కొడుకు నన్ను పిలిచి టార్చిలైటు వేసి చూపించాడు. రెండో సిలిండరుకు, మూడో సిలిండరుకు మధ్య గాస్కెట్ కాలిపోయి ఉంది. పిస్టన్ల పక్కల్లో నిలువు గీతలు. పిస్టన్ అల్యూమినియం కరిగి బోరు గోడకు వెన్న రాసినట్టు అంటుకుంది. హెడ్డుకు వెంట్రుకలాంటి పగులు. "పాస్టరుగారూ, ఇది గాస్కెట్ సరిగ్గ బిగించక పోయింది కాదు. నీళ్ళు తిరగకుండ తోలిండ్రు. తోలినంక ఎవరో సల్లటి నీళ్ళు పోసిండ్రు" అన్నాడు. ఇంజను ముందు వైపు ఎండి పగిలిన ఫ్యాన్ బెల్టు వేలాడుతూనే ఉంది. దానికి పళ్ళు లేవు.

కుర్చీలో చాచా ఏమీ అనలేదు. ఆయన చెయ్యి చాచి ఆ బెల్టును తడిమి, లోపలి వైపు బొటనవేలితో రాసి చూశాడు.

"నేనే చాచా" అన్నాను.

తమ్ముడు అక్కడే ఉన్నాడు. చాచా కొడుకు టార్చి ఆర్పేశాడు. ఆదివారం ఆదివారం ఎందరి చేతనో ఒప్పుకోలు ప్రార్థన చెప్పించిన నోరు ఆ రెండు మాటల తరువాత ఎండిపోయింది. చాచాయే అడిగాడు. "ఎర్ర లైటు కనబడలేదా?"

"కనబడింది."

"ముల్లు?"

"అది కూడ కనబడింది. దోస్తులు ఉండిరి."

ఆయన చాలాసేపు బెల్టును చేతిలోనే పెట్టుకున్నాడు. "ఆ యేడు నా షెడ్డుకు బండ్లు రాలే బేటా. బిడ్డ పెండ్లి ఒక సంవత్సరం ఆగింది" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను క్షమించమన్నాను. "నాకు చెప్పినవు, మంచిగైంది. నాకు చెప్పుడు అల్కగనే ఉంటది. మీ నాయనకు చెప్పు" అని బెల్టు నా చేతికి ఇచ్చాడు.

దానిని సంచిలో పెట్టుకుని పల్లెకు పోయాను. రెండు నెలలు చెప్పలేదు. ఆ రెండు నెలల్లో ఇంజను మాత్రం బాగుపడుతూ వచ్చింది.

పాత ఇంజనునే బలపరచడం ఎలా అన్నది తమ్ముడు ఎక్కడెక్కడో చదివి కనుక్కున్నాడు. ఈ 1489 సీసీ ఇంజను అసలు ఇంగ్లండులో బి.ఎం.సి. కంపెనీది. 1955లో వచ్చిన ఎం.జి.ఏ. అనే రెండు సీట్ల పందెపు కారులో ఇదే ఇంజను ఉంది. అక్కడ అది 68, తరువాత 72 హార్స్ పవర్ ఇచ్చింది. సిలిండర్ల కొలత అదే, కానీ మనకంటే దాదాపు సగం ఎక్కువ బలం. తేడా ఊపిరిలో ఉంది. ఇంజను ఎంత గాలి పీల్చి ఎంత గట్టిగా నొక్కి మండిస్తే అంత బలం. ఎం.జి.కి ఒక కార్బొరేటరుకు బదులు రెండు. పెట్రోలు గాలిని నొక్కే మోతాదు ఎక్కువ. ఆ బండి మీద మోజున్నవారు లోకమంతా ఉన్నారు కనుక దాని సామాను ఇప్పటికీ ఇంగ్లండులో తయారవుతోంది. తమ్ముడి ఆఫీసు మిత్రుడొకరు అక్కడి నుంచి వస్తూ జంట కార్బొరేటర్లు, వాటి మానిఫోల్డు పెట్టెలో పెట్టుకొచ్చారు.

పాడైన నాలుగు బోర్లకు స్లీవులు దించి మళ్ళీ స్టాండర్డ్ కొలతకే తెచ్చారు. కనుక ఆర్.సి.లోని 1489 సీసీ, ఇంజను నంబరు ఏవీ మారలేదు. పగిలిన హెడ్డు పనికిరాదు. అంబాసిడరు హెడ్డు ఒకటి సంపాదించి, దాని అడుగు కొద్దిగా సాపు చేసి నొక్కుడు పెంచారు. సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో దేశమంతటా ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే పీటను అరగకుండా కాపాడేది. అందుచేత ఇప్పుడు గట్టి ఉక్కు పీటలు పొదగాలి. పొదిగారు. ఈనాటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఎథనాలు కలుస్తోంది కదా, అది పాత రబ్బరు గొట్టాలను, కార్కు వాషర్లను తినేస్తుంది. అవన్నీ కొత్త రకంవి వేశారు. పాత స్కూటరు, పాత మోటారు సైకిలు ఉన్న మన సంఘస్థులు కూడా పెట్రోలు గొట్టాన్ని ఒకసారి తడిమి చూసుకోవడం మంచిది. మెత్తబడి జిగటగా ఉంటే మార్చండి.

నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. వేగంగా తిరిగే ఇంజనులో నాలుగు పిస్టన్లూ, నాలుగు కడ్డీలూ ఒకే బరువు ఉండాలి. లేకపోతే వణుకు పుట్టి బేరింగులు పోతాయి. చాచా కొడుకు వాటిని గుడ్డలో మూటగట్టుకుని చందానగర్ బజారులోని కంసాలి దుకాణానికి తీసుకుపోయాడు. బంగారం తూచే త్రాసులో ఒక్కొక్కటే పెట్టి, ఎక్కువున్న దానిని లోపలి వైపు ఆకురాయితో గీకి, మళ్ళీ తూచి, గ్రాము తేడా లేకుండా చేశాడు. కంసాలి ఆయన కూలి వద్దన్నాడు. ఇంత పెద్ద ముక్కుపుడకలు తానెన్నడూ తూచలేదట.

రేడియేటరు విప్పితే సగం గొట్టాలు సున్నంతో పూడి ఉన్నాయి. మా చందానగర్ బోరు నీళ్ళ పుణ్యమే అది. కొత్త కోర్ వేయించి, బోరు నీళ్ళు మానేసి కూలెంట్ పోశారు. ఇది ట్రాక్టర్లకూ వర్తించే మాటే.

ఇంజను మొదటిసారి స్టార్టు చేసే రోజు దగ్గర పడింది. నాయనను తీసుకురావాలని తమ్ముడు. చాచా మాత్రం నన్ను చూసి, "మీ అన్న చెప్పినంకనే స్టార్ట్ చేస్త" అన్నాడు.

ఆ రాత్రి నాయన మంచం పక్కన కూర్చుని బెల్టు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దానిని తిప్పి చూశాడు. డ్రైవరుకు చెప్పవలసిన పని ఏముంది? అయినా అంతా చెప్పాను. పటాన్‌చెరు, ఎర్ర లైటు, చన్నీళ్ళు.

"ఇది ఎంతకు కొన్నవు?" అన్నాడు.

"60 రూపాయలు."

"పైసలెక్కడియి?"

"అమ్మనడిగిన. పుస్తకాలకని చెప్పిన."

"మీ అమ్మకు తెలుసా?"

"తెల్వదు నాయనా. ఆమె పోయేదాక తెల్వదు."

నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. ఫోను చేస్తే తమ్ముడి భార్య ఎత్తి, "మామయ్య పండుకున్నడు బావగారూ" అనేది. పండుకోలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వారం ఆదివారం నేను వాక్యం చెప్పలేదు. సంఘ పెద్దనొకరిని చెప్పమన్నాను. ఒంట్లో బాగాలేదా అని అందరూ అడిగారు.

తొమ్మిదో రోజు సోమవారం. నేను వెళ్ళేసరికి నాయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "షెడ్డు తెరిచిండా?" అన్నాడు. తెరిచాడన్నాను. గల్లీ వైపు తిరగకుండా నేరుగా పెద్దరోడ్డు మీద నడిచాడు. ఆటోలు, బస్సులు చెవుల పక్కనుంచి పోతున్నా చెయ్యి పట్టుకోనివ్వలేదు. నన్ను బయటే ఉండమన్నాడు.

లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. రోడ్డు మోతలో వినబడదు కూడా. నాయన జేబులోంచి డబ్బు తీసి ఇవ్వడం చూశాను. చాచా కొడుకు తరువాత చెప్పాడు, 1800 రూపాయలట. చాచా వద్దనలేదు. నోట్లు కళ్ళ దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టి, జేబులో వేసుకుని, టీ తెమ్మన్నాడు. కాసేపటికి నేను లోపలికి పోయేసరికి ఇద్దరూ బానెట్ మీదికి వంగి ఉన్నారు. ప్లగ్గు నిప్పు ఎంత ముందుగా పడాలన్న దాని మీద వాదిస్తున్నారు. నొక్కుడు పెంచిన ఇంజనుకు కొంచెం వెనక్కి పెట్టాలని చాచా. ఎక్కువ వెనక్కి పెడితే ఇంజను వేడెక్కుతుందని నాయన. ఇద్దరి మాటా నిజమేనని చాచా కొడుకు నాకు సైగ చేశాడు.

రెండు గంటల తరువాత తాళం తిప్పింది నాయనే. మొదట దగ్గింది, తరువాత పట్టుకుంది. పాత అంబాసిడరు చప్పుడు కాదది. గొంతు మారింది.

మొదటి 1000 కిలోమీటర్లు మెల్లగా తోలి, ఆయిలు మార్చి, ఆర్.సి. పని పూర్తి చేయించాక 2024 చివరిలో అందరం సంగారెడ్డి పోయాం. తోలింది చాచా కొడుకు. ముందు సీట్లో నాయన. వెనుక చాచా, తమ్ముడు, నేను. ఎన్ని హార్స్ పవర్ వచ్చిందో మేము కొలిపించలేదు. కానీ ఐదుగురితో పటాన్‌చెరు ఫ్లైఓవరు గేరు దించకుండా ఎక్కింది. 1996లో నాయన ఒక్కడే తోలుతున్నా ఇలా లాగేది కాదు. ఒకచోట ఒక ఆవు అడ్డం వస్తే గట్టిగా బ్రేకు నొక్కవలసి వచ్చింది. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టి, బండి ఏ పక్కకూ లాగకుండా నిలిచింది. తమ్ముడు అప్పుడు చాచా మోకాలి మీద చెయ్యి వేశాడు.

దారి పొడవునా నాయన బయటికి చూడలేదు. ఆయన చూపంతా వేడి ముల్లు మీదే. అది సగం దగ్గర నిలిచింది, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. తిరుగు దారిలో పటాన్‌చెరు దాటాక, "పక్కకు ఆపు" అన్నాడు. ఏమైందోనని దిగాం. నాయన కర్ర నా చేతికిచ్చి, బానెట్ ఎత్తించి, వేడి ఇంజను మీదికి వంగి, పళ్ళున్న కొత్త బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. అరంగుళం లోపలికి పోయింది.

"ఇంకింత బిగియ్యాలె" అన్నాడు.

"వద్దు భాయ్, సరిగ్గనే ఉన్నది. బిగిస్తే బేరింగు పోతది" అన్నాడు చాచా.

"నీకు కండ్లు కనబడవు."

"వేలుకు కనబడ్తది."

లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. వారిద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఆ బెల్టు మీద ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. మేము ముగ్గురం చెట్టు నీడకు పోయి కూర్చున్నాం.